తాతగారి చేప, తడవని బూట్లు

పెరంబూరు

మా ఇంటికి మొదటిసారి వచ్చినవారు చెప్పులు విడిచాక చూడవలసినది హాల్లో తూర్పు గోడ మీది ఫొటో. చూడకపోతే నేనే చూపిస్తాను. అందులో మా తాతగారు, ముత్తుకొండ జమీందారు, కశ్మీరులో గంగాబల్ అనే సరస్సు ఒడ్డున నిలబడి ఉంటారు. కుడిచేతిలో ఇంగ్లండు నుంచి తెప్పించిన వెదురు గాలంకర్ర. ఎడమవైపు, ఆయన భుజం ఎత్తున, మోచేతి పొడవు ట్రౌట్ చేప. బూట్లు చూడండి అని అందరికీ చెబుతాను. అద్దంలా మెరుస్తుంటాయి. అంత చేపను పట్టి కూడా బూటు తడవనివ్వని మనిషి అని మా వంశంలో మూడు తరాలుగా చెప్పుకుంటున్నాం.

జమీ పోయింది. తరువాత చెన్నైలో కీల్పాక్ బంగళా పోయింది. ఇప్పుడు మేము ఉండేది రెండో అంతస్తులో రెండు గదుల అద్దె ఇల్లు. చిరునామాలో పెరంబూరు అని రాస్తాను. పోస్టుమన్ దాన్ని కొట్టేసి, అంత పరపతి లేని వ్యాసర్పాడి పేరు రాసి తెచ్చిస్తాడు. పక్కనున్న రైలు యార్డులో పెట్టెలు గుద్దుకున్నప్పుడల్లా ఫొటో కాస్త ఒరుగుతుంది. రోజుకు రెండుసార్లు దాన్ని నిటారుగా పెట్టడం నా పని. ఉద్యోగం అంటారా, ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక ఓడల కంపెనీలో చేశాను. గుమస్తా అంటారు కొందరు. కంపెనీ ఉత్తరప్రత్యుత్తరాలు చూసేవాణ్ణి అంటాను నేను.

ఆ ఫొటోలో ఇంకొక సంగతి ఉంది. చేప గాలిలో వేలాడదు కదా, దాని దవడ కింద నాలుగు వేళ్ళు కనిపిస్తాయి. వేళ్ళ వెనుక మనిషి మాత్రం కనిపించడు. ఫ్రేములో ఫొటో చుట్టూ వేసిన బంగారు అంచు అట్ట ఆయన్ను కప్పేసింది. జమీందారు పక్కన నౌకరు నిలబడిన బొమ్మ హాల్లో ఉండకూడదని మా నాయనమ్మ పట్టుబట్టి అలా వేయించిందట.

ఆ నాలుగు వేళ్ళూ తన తాతవని అంటాడు మునిరత్నం.

మునిరత్నం తాత గంగులు మా జమీలో చెరువులు చూసే పనికి పెట్టిన మనిషి. తూములు, వలలు, చేపలు అన్నీ ఆయన చేతి మీదుగా నడిచేవి. తాతగారు కశ్మీరు వెళ్ళినప్పుడు ఆయన్ను వెంట తీసుకుపోయారు. ఇప్పుడు ఆ గంగులు మనవడికి అంబత్తూరులో నలభై మంది పనివాళ్ళున్న లేత్ కార్ఖానా ఉంది. కార్లకు వేసే బుష్‌లు చేస్తాడు. ఏటా ఆయుధపూజ నాడు బొరుగులు, శనగలు, ఒక స్వీటు డబ్బా తీసుకొని మా ఇంటికి వస్తాడు. నన్ను దొరా అంటాడు. ఆ మాట ఈ నగరంలో ఇంకెవరూ అనరు కనుక, అనేటప్పుడు ఆయన పెదవి చివర కనిపించే నవ్వును నేను పట్టించుకోను.

పోయిన ఆయుధపూజకు వచ్చి, ఫొటో ముందు మామూలు కంటే ఎక్కువసేపు నిలబడ్డాడు.

“దొరా, మా తాత మొహం ఇప్పుడు మా ఇంట్లో ఉండేవాళ్ళు ఎవురూ చూడలా. ఆయనకుండేది ఈ ఒక్క ఫొటో దా. ఆ అట్ట తీస్తే మనిషి బయటికొస్తాడు. ఒక కాపీ తీసుకోని ఇచ్చేస్తా.”

“విప్పితే చిరుగుతుంది మునిరత్నం. ఎనభై ఏళ్ళు దాటిన కాగితం.”

“చిరుగుతాదా, లేకుంటే ఇంకేమన్నా బయటపడతాదా?”

“ఏం పడుతుంది?”

“చేప పట్టింది ఎవురో బయటపడతాది. నడుం లోతు నీళ్ళల్లో దిగి పట్టింది మా తాతేనంట. మా జేజి, ఆయన పెండ్లాం, చెప్పేది. మీ తాత గొడుగు కింద కాఫీ తాగతా ఉన్నాడంట.”

మా వంశాన్ని మా హాల్లోనే, మా ఆవిడ పోసిన కాఫీ తాగుతూ, ఇంతమాట అన్నవాడు మరొకడు లేడు. నేను కుర్చీలోంచి లేచాను. అదే సరస్సులో, అదే కర్రతో, నా చేత్తో నేను చేప పట్టి చూపిస్తే ఏమంటావని అడిగాను.

“పడితే ఇంక జన్మలో అడగను. పట్టకపోతే అట్ట తీసేయాల. ప్రయాణం ఖర్చు నాది, సరియా?”

ఖర్చు నాది అన్న మాటతో నా అభిమానం దెబ్బతింది. కోలుకోవడానికి పది నిమిషాలు పట్టింది. తరువాత ఒప్పుకున్నాను.

శ్రీనగర్

ఆగస్టులో చెన్నై వదిలాం. అక్కడికి ఎలా వెళ్ళాలో ఫోనే చెబుతుంది కనుక ఆ వివరాలు రాయను. గాలంకర్ర సంగతి ఒక్కటి చెబుతాను. తాతగారి కాలంలో దానికి రైల్లో ప్రత్యేకంగా ఒక బెర్తు ఉండేదట. విమానం వాళ్ళు దాన్ని నా చేతిలోంచి తీసుకొని, పెళుసు వస్తువు అని ఒక చీటీ అంటించి, ఎవరిదో కుక్కరు డబ్బా పక్కన పడేశారు.

శ్రీనగర్‌లో ఉదయం గులాబీరంగు టీ ఇచ్చారు. నూన్ చాయ్ అంటారు. మొదటి గుక్కలో ఉప్పు తగిలింది. హోటలువాడు పొరపాటు పడ్డాడనుకొని మనసులోనే క్షమించాను. రెండో కప్పులోనూ ఉప్పే. ఇక్కడ టీకి ఉప్పు వేయడమే ఆచారమట. మన వైపు ఉప్పు పడేది మజ్జిగలో, అదీ అడిగితేనే. నేను కప్పు పక్కన పెట్టాను. మునిరత్నం మూడోది తెప్పించుకున్నాడు.

“రసం అనుకోని తాగండి దొరా. రొంబ బాగుండాది.”

దానితో పాటు గిర్దా అని గుండ్రటి రొట్టె ఇస్తారు. తందూరులోంచి తీసిన అయిదు నిమిషాల్లో తింటే దానికి సాటి లేదు. అరగంట తరువాత తింటే పళ్ళు గట్టివై ఉండాలి. నేను మర్యాద కోసం అరగంట ఆగి తిన్నాను.

చేపలు పట్టడానికి అనుమతి చీటీ కావాలి. హిందీ పరీక్షలు నాలుగు పాసైనవాణ్ణి కనుక మాట్లాడే బాధ్యత నేనే తీసుకున్నాను. “కృపయా మత్స్య ఆఖేట హేతు అనుమతి పత్ర ప్రదాన్ కరేఁ” అన్నాను. బల్ల వెనుకాయన నన్ను ఎంతో గౌరవంగా కూర్చోబెట్టి, మునిరత్నం వైపు తిరిగి, సాహబ్‌గారికి ఏం కావాలని అడిగాడు.

“సాబ్ కో మచ్ఛీ పకడ్‌నా హై” అన్నాడు మునిరత్నం.

చీటీ వచ్చేసింది. మునిరత్నం హిందీ బీహారు నుంచి వచ్చిన తన పనివాళ్ళ దగ్గర నేర్చుకున్నది. అందులో వ్యాకరణం లేదు. అయితే ఆ పూట నుంచి ఈ యాత్రలో మాకు దొరికిన ప్రతి అన్నం ముద్దా ఆ హిందీతో సంపాదించినదే.

నారానాగ్

నడక నారానాగ్ అనే ఊళ్ళో మొదలవుతుంది. పాత రాతిగుళ్ళ శిథిలాలు, పక్కనే అద్దం లాంటి ఊటనీరు. శిథిలాలు చూస్తే నాకు మనసు కుదుటపడింది. పడిపోయినా ఠీవి తగ్గనివి ఇంకా ఉన్నాయి.

అక్కడ రషీద్ కలిశాడు. యాభై అయిదేళ్ళుంటాయి. సన్నగా, గడ్డం నెరిసి, రబ్బరు చెప్పులతో ఉన్నాడు. గుర్రాల మీద సామాను ఎక్కించి యాత్రికులను పైకి తీసుకుపోవడం ఆయన వృత్తి. చేపలు కూడా తెలుసునట. రోజుకు గుర్రానికి పన్నెండు వందలు. గుర్రం పేరు బాద్షా.

నేను తాతగారి ఉన్నికోటు వేసుకున్నాను, నాఫ్తలీన్ వాసన కొద్దిగా వస్తుంది. మునిరత్నం అణ్ణానగర్‌లో కొన్న నారింజరంగు జాకెట్టు, ఎత్తు బూట్లు, చేతికొక నడక కర్ర. చూస్తే చంద్రుడి మీదకు పోతున్నట్టుగా ఉన్నాడు.

గుర్రం ఎక్కమని రషీద్ అన్నాడు. మా ఇంట్లో గుర్రం ఎక్కితే ముందు బాజా నడవాలి, వెనుక దివిటీ నడవాలి, ఊరికే ఎక్కే అలవాటు లేదని చెప్పించాను. దేవదారు అడవిలో దారి గోడలా లేచింది. గంట తరువాత బాజా సంగతి నేను ఎత్తలేదు, వాళ్ళూ ఎత్తలేదు. బాద్షా మీద కూర్చున్నాను. మా ఇద్దరిలో ఇంకా బిరుదు మిగిలి ఉన్నది దానికే.

ఎక్కుడు సగంలో ఒక అమ్మాయి వెనుక నుంచి వచ్చి కలిసింది. పేరు సింధు. ఊరు గుంటూరు పక్కన, ఉద్యోగం చెన్నైలో పాత మహాబలిపురం రోడ్డు మీది సాఫ్ట్‌వేర్ కంపెనీలో. నలుగురు ఆఫీసు స్నేహితులతో వచ్చింది. తెలుగు వినగానే సంతోషించి నా దగ్గర ఆగింది.

“అంకుల్, మీ సార్ నీళ్ళ బాటిల్ మీ దగ్గరుందా? పాపం కింద కూర్చుని అడుగుతున్నారండీ.”

“ఏ సారు?”

“ఆరెంజ్ జాకెట్ ఆయన. మీరు ఆయన మేనేజర్ కదా?”

నేను గుర్రం మీద ఉన్నాను కనుక ఇంకా నిటారుగా కూర్చోవడానికి వీలైంది. సంగతి తెలిసి మునిరత్నం దారి మధ్యలో కర్రలు వదిలేసి కూర్చుండిపోయి నవ్వాడు. “ఏం మేనేజరూ, జీతం చాలతా ఉండాదా?” అని ఆ రోజంతా అన్నాడు. తెల్లవారాక మానేశాడు. అది ఆయన మర్యాద.

త్రుంఖల్

అడవి అయిపోయి పచ్చిక మొదలయ్యేచోటు త్రుంఖల్. సైన్యం వారి కాపలా స్థలం దగ్గర పేర్లు రాయించాలి. నా పూర్తి పేరు చెప్పాను. జవాను రెండో మాట దగ్గర కలం ఆపి, ఆధార్ కార్డు చూసి, చివరి ముక్క ఒక్కటే రాసుకున్నాడు. వృత్తి అని అడిగాడు. జమీందారీ వంశం అన్నాను. ‘రిటైర్డ్’ అని రాశాడు. నాకు తెలిసినంతలో మా వంశచరిత్రను ఇంతకంటే క్లుప్తంగా రాసినవారు లేరు.

పచ్చికలో గుజ్జరుల మట్టి ఇళ్ళున్నాయి. వేసవిలో పశువులతో పైకి వచ్చి, చలి మొదలవగానే దిగిపోతారు. రషీద్‌కు తెలిసిన ఇంట్లో ఆగాం. ఇల్లాలు చిలుకుతూ ఉంది. మమ్మల్ని చూసి లేచి, కవ్వం తాడు నా చేతికిచ్చింది. నేను నాలుగుసార్లు లాగాను, అయిదోసారికి ఆయాసం వచ్చింది. ఆమె తాడు తీసుకొని, మూత ఎత్తి, వెన్న ముద్ద చూపించి పక్కింటి ఆవిడకు కేకేసి ఏదో చెప్పింది. ఇద్దరూ నన్ను మెచ్చుకోలుగా చూశారు.

“ఏమంటున్నారు?”

“ఈ వెన్న మెహమాన్, అంటే ఇంటికొచ్చిన చుట్టం, తీసిందని చెప్తా ఉండాది” అన్నాడు మునిరత్నం. “వచ్చినోళ్ళ చేతికి తాడు ఇచ్చేది ఈ ఇంటి పద్ధతంట. చెయ్యి తగిల్తే చాలంట, వెన్న మీదే.”

పద్ధతి సంగతి నా చెవిన పడింది గాని తలకెక్కలేదు. నా వాటంలో ఏదో ఉండబట్టే అంత వెన్న వచ్చిందనుకున్నాను. మొక్కజొన్న రొట్టె మీద ఆ వెన్న వేసి పెట్టింది. అంత రుచి మా బంగళా రోజుల్లోనూ నాకు గుర్తులేదు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. అదే కొండ మీద అరమైలు అవతల, గుడారంలో ప్యాకెట్ నూడుల్స్ ఉడికించి ఇచ్చేవాడు ప్లేటు ఎనభై రూపాయలు తీసుకున్నాడు.

సరస్సు, మొదటి రోజు

గంగాబల్ గురించి ఎలా రాయాలో నాకు తెలియదు. దాదాపు పన్నెండు వేల అడుగుల ఎత్తు. వెనుక హరముఖ్ కొండ, దాని మెడ నుంచి జారుతున్న మంచు. ముందు మైలు పైగా నీలం నీరు, ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డు దాకా ఒక్క ఇల్లు లేదు, ఒక్క స్తంభం లేదు. పేరు అడిగేవారు లేరు. చాలాసేపు నిలబడ్డాను.

“మా తాత దీంట్లో దిగినాడా!” అన్నాడు మునిరత్నం, వేలు ముంచి చటుక్కున తీసేస్తూ. “కార్ఖానాలో లేత్ చల్లారేదానికి పోసే కూలెంట్ కూడా ఇంత చల్లగా ఉండదు.”

గుడారాలు వేశాం. తాతగారి కర్ర తీసి, మూడు ముక్కలూ ఇత్తడి గొట్టాల దగ్గర బిగించాను. ఏటా ఆయుధపూజకు పసుపు కుంకుమ పెట్టడం వల్ల ఒక గొట్టంలో కుంకుమ గట్టిపడింది. మునిరత్నం జేబులోంచి చిన్న ఆకురాయి తీసి సరిచేశాడు. ఆకురాయి జేబులో ఎందుకుందని అడిగితే, మీ జేబులో దువ్వెన ఎందుకుండాది అన్నాడు.

మొదటి విసురుకే పట్టుదారం తెగింది. ఎనభై ఏళ్ళ పట్టు. ఈకలు కట్టిన తాతగారి కొక్కెం సరస్సు మధ్యకు ఎగిరిపోయింది. రషీద్ తన సంచిలోంచి నైలాను దారం తీసి రీలుకు చుట్టాడు. తరువాత విసిరిన ప్రతిసారీ కొక్కెం ఎక్కడో ఒకచోట తగులుకుంది. ఒకసారి బండకు, ఒకసారి బాద్షా తోకకు, రెండుసార్లు నా కోటుకే. చేపలు నాకు పది గజాల దూరంలో ఎగిరి పడుతున్నాయి. వాటికి భయం లేదు, గౌరవం అసలే లేదు.

సింధు బృందం పక్కనే దిగింది. వాళ్ళు నిశ్శబ్దం కోసం వచ్చామని చెప్పి, పాటలు వాయించే డబ్బా ఒకటి తెచ్చుకున్నారు. సింధు వచ్చి కాసేపు చూసి, “అంకుల్, ఇది ఫిషింగా, ఎక్సర్‌సైజా అండీ?” అని అడిగింది.

సాయంత్రానికి ఒక్క చేపా లేదు. మునిరత్నం కుక్కరులో అన్నం వండి, ఇంటి నుంచి తెచ్చిన కందిపొడి, నెయ్యి కలిపి పెట్టాడు. ఫొటో మాట ఎత్తలేదు. చేతిలో ఇంకా ఒక్క రోజే ఉంది.

సరస్సు, రెండో రోజు

ఉదయానికి మునిరత్నానికి ఆ ఎత్తు పడలేదు. తలనొప్పి, వికారం. గుడారంలో పడుకుండిపోయాడు. నా తలకు ఏమీ కాలేదు. ఎప్పుడూ ఎత్తుగానే ఉంచిన తల కనుక దానికి అలవాటే.

నేనూ రషీదూ ఒడ్డున మిగిలాం. పదిన్నర దాకా విసిరాను. భుజం లేవడం మానేసింది. అట్ట తీసేశాక హాలు ఎలా ఉంటుందో కనబడసాగింది. జమీందారు, పక్కన నడుం లోతు తడిసిన గంగులు. ఆ తరువాత వచ్చినవారికి నేను ఏ బూట్లు చూపించను?

రషీద్ లేచి వచ్చాడు. ఆయన చిన్నచిన్న హిందీ మాటల్లో మాట్లాడేవాడు కనుక నాకు అంతా అర్థమయ్యేది.

“కర్ర ఇటివ్వండి సాహబ్. నేను తగిలిస్తాను, మీరు లాగండి. చేప మీదే.”

“అదెట్లా నాదవుతుంది?”

“మెహమాన్ చెయ్యి పడితే మెహమాన్‌దే. మా నాన్న ఇట్లాగే చేసేవాడు. ఆయన నాన్న కూడా. సాహబ్‌లు నీళ్ళలోకి దిగరు కదా, బూట్లుంటాయి.”

ఆ మాట విని కూడా నేను కర్ర ఇచ్చాను. ఇది రాయకుండా వదిలేయవచ్చు. చదివేవారిలో ఎవరూ అక్కడ లేరు. అయితే మా వంశంలో అబద్ధం చెప్పే అలవాటు లేదనుకుంటూ అరవై మూడేళ్ళు బతికాను కనుక రాస్తున్నాను.

ఆయన ప్యాంటు మడిచి, నడుం దాకా నీళ్ళలోకి నడిచాడు. విసరడం కూడా కాదు, ఎవరికో ఉత్తరం అందించినట్టు కొక్కెం నీటి మీద పెట్టాడు. ఏడోసారికి కర్ర వంగింది. వెనక్కి వెనక్కి నడిచి వచ్చి కర్ర నా చేతుల్లో పెట్టాడు. నేను లాగాను. నిజంగానే లాగాను, ఆ మాట ఎవరూ కాదనలేరు. మోచేయంత లేదు గాని, జానెడు మీద నాలుగు వేళ్ళ ట్రౌట్, పొట్ట బంగారంలా, ఒంటి నిండా ఎర్రచుక్కలు. రషీద్ దాన్ని దవడ కింద పట్టుకొని నా భుజం ఎత్తుకు లేపాడు.

సింధు పరుగెత్తుకొచ్చింది. “అంకుల్, సూపర్! ఇటు చూడండి. కొంచెం నవ్వండి, ఫైన్ వేయరు.”

నేను నవ్వలేదు. మా తాతగారు నవ్వలేదు.

గోల విని మునిరత్నం గుడారంలోంచి తల బయట పెట్టాడు.

“పట్టేసినారా దొరా!”

“చూస్తున్నావుగా.”

చేపను చూశాడు, కర్రను చూశాడు, నన్ను చూశాడు. “సరి. ఇంక అడగను” అన్నాడు.

తలనొప్పితోనే లేచి చేప శుభ్రం చేశాడు. గంగులు మనవడికి ఆ పని ఎవరూ నేర్పనక్కర్లేదు. పసుపు, ఉప్పు, అంబత్తూరు నుంచి తెచ్చిన కారం. చాలా బాగుందని రషీద్ అన్నాడు. నాకు ముల్లు ఒక్కటే గుర్తుంది.

దిగుడు

మేమంతా కలిసే దిగాం. పై రెండు రోజులూ ఫోన్లు పనిచేయలేదు. నారానాగ్ దాటి బండిలో కూర్చున్నాక అన్నీ ఒకేసారి మోగాయి. వెనుక సీట్లో ఉన్న సింధు ఫొటో పంపింది.

“పక్కన ఆ రషీద్ భాయ్ కూడా పడ్డారండీ, క్రాప్ చేసేశా. ఇప్పుడు నీట్‌గా ఉంది.”

తెరిచాను. ఉన్నికోటులో నేను. కుడిచేతిలో కర్ర. ఎడమవైపు, భుజం ఎత్తున, చేప. దాని దవడ కింద నాలుగు వేళ్ళు. నా బూట్లు శుభ్రంగా, పొడిగా, మెరుస్తున్నాయి.

మా నాయనమ్మ బంగారు అట్టతో చేసిన పని ఈ అమ్మాయి రెండు వేళ్ళతో చేసింది. శ్రీనగర్ వచ్చేదాకా ఆ ఫొటో చూస్తూనే ఉన్నాను. పక్కన మునిరత్నం పంటల గురించి, కార్ఖానాకు కొత్తగా కొనబోయే లేత్ గురించి, నూన్ చాయ్ పొడి చెన్నైలో దొరుకుతుందా అన్న విషయం గురించి మాట్లాడాడు. ఫొటో మాట తప్ప అన్నీ మాట్లాడాడు. ఆడిన మాట మీద నిలబడే మనుషులు పక్కన ఉంటే ప్రయాణం చాలా కష్టం.

అంబత్తూరు

ఇంటికి వచ్చిన నాలుగో రోజు ఫొటో గోడ మీద నుంచి దింపాను. మా ఆవిడ కారణం అడగలేదు, పాత దుప్పటి తెచ్చి చుట్టింది. ఆటోలో ఒళ్ళో పెట్టుకొని అంబత్తూరు వెళ్ళాను. మునిరత్నం లేత్ దగ్గర ఒక పనివాణ్ణి తిడుతున్నాడు. నన్ను చూసి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“ఏంది దొరా, ఈడికొచ్చినారు? చెప్పుంటే నేనే వస్తా ఉంటి.”

“స్క్రూడ్రైవరు ఉందా?”

“నా కార్ఖానాలో అడగతా ఉండారా ఆ మాట?”

ఫ్రేము ఆయన బల్ల మీద పెట్టాను. నిటారుగా నిలబడి చెప్పాను.

“ఆ చేప నేను పట్టలేదు మునిరత్నం.”

“తెలుసు.”

“తెలుసా?”

“గుడారం జిప్పు సందులోనుంచి చూస్తా ఉన్నా. తలనొప్పి తలకు గాని, కళ్ళకు కాదు కదా.”

“మరి అప్పుడే ఎందుకు అనలేదు?”

“అంటే మీరు కోపంగా విప్పతారు. మా తాతను కోపంగా ఇస్తే నాకెందుకు?” కుర్చీ నా వైపు జరిపాడు. “కూచోండి. ఎన్నాళ్ళకొస్తారో చూద్దామనుకున్నా. ఆయుధపూజ దాకా పడతాదనుకున్నా. నాలుగు రోజులకే వచ్చేసినారు.”

వెనుక మేకులు ఆయనే తీశాడు. లేత్ మీద వెంట్రుక మందం కొలిచే చేతులవి, కాగితం ఎక్కడా చిరగలేదు. అట్ట ఎత్తాడు. ఇద్దరం వంగి చూశాం.

మా తాతగారు అలాగే ఉన్నారు. పక్కన, చేపను దవడ కింద పట్టుకొని, పొడవాటి ఫిరన్ అంగీని నడుముకు చుట్టి బిగించి, తలకు గుండ్రటి టోపీ పెట్టుకున్న ఒక కశ్మీరీ మనిషి. నడుం దాకా తడిసి ముద్దయి ఉన్నాడు. ఆయన వెనుక, కాగితం చివరి అంచున, ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో ఫ్లాస్కు పట్టుకొని, చేటలంత చెవులతో, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న ఇంకొక మనిషి. పంచె ఇస్త్రీ మడత కూడా చెదరలేదు.

ఆ చెవులు నా పక్కనే ఉన్నాయి. పోల్చుకోవడానికి తల తిప్పితే చాలు.

మునిరత్నం కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళీ పెట్టుకున్నాడు.

“వేళ్ళు మా తాతయి కావు” అన్నాడు.

“చేప మా తాతది కాదు” అన్నాను.

“చిన్నప్పటినుంచి ఆ నాలుగు వేళ్ళు చూసి దండం పెట్టుకుంటా ఉంటి దొరా. ఎవురో ఏమో.” గంగులు మొహం మీద చూపుడువేలు ఆనీ ఆనకుండా పెట్టాడు. “వేళ్ళు పోతే పోయినాయి. మొహం వచ్చింది. ఎట్లా నవ్వతా ఉండాడో చూడండి, ఒక చుక్క తడవకుండా.”

“కాఫీ సంగతి మీ జేజి నిజమే చెప్పింది.”

“గొడుగు కూడా. గొడుగు మాత్రం మా తాతదే.”

“గొడుగు మాది మునిరత్నం. పట్టుకున్నది మీ తాత.”

కొన్ని విషయాల్లో నేను రాజీపడలేను.

రెండు కాపీలు తీయించాం. అట్ట లేకపోవడంతో మా హాల్లో ఫొటో ఇప్పుడు వెడల్పయింది. కశ్మీరీ మనిషి బరువుకో ఏమో, రైలు పెట్టెలు గుద్దుకుంటే ఇదివరకటికంటే ఎక్కువ ఒరుగుతోంది. బూట్లు చూడండి అని ఎవరికీ చెప్పడం లేదు. వచ్చినవాళ్ళు వాళ్ళే చూస్తున్నారు. ఒక కాపీ అంబత్తూరులో మునిరత్నం బల్ల వెనుక, లక్ష్మీదేవి పటం పక్కన ఉంది. రెండోది రషీద్‌కు పంపాం, ఆ మనిషి వాళ్ళ తాత అయ్యుంటాడేమోనన్న ఆశతో.

పది రోజులకు మునిరత్నం ఫోనులో రషీద్ గొంతు వచ్చింది. ఆయన మాటలు మునిరత్నం నాకు తెలుగులో చెప్పాడు.

“ఫొటో అందింది సాహబ్. ఈయన మా తాత కాదు. మా ఊరివాడో కాదో కూడా తెలియదు. అయినా గోడకు తగిలించాం, చేప మంచిది. మా ఇంట్లో ఆమె ఒక్కటే అడుగుతోంది. పట్టినాయన సరే, ఆ పక్కన పొడిగా నిలబడిన ఇద్దరూ ఎవరు?”